కెలెపికి రాసిన మాత్రలు

మొదట్లో సతేకి చేతిలో ఉన్నవి మూడే. పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశంలో, హాపై దీవుల్లో ఒకదాంట్లో, రేవు పక్కన ఓ కొట్టు. దాని నిండా ఉప్పు మాంసం డబ్బాలూ, కొవ్వు కారే గొర్రె పొట్ట ముక్కలూ. ఆ ముక్కలతోనే పెంచి పెద్ద చేసిన తమ్ముడు కెలెపి.

తమ్ముడికి ఇరవై ఏడేళ్లు, నూట ఇరవై కిలోలు. సతేకి ఏడేళ్లు పెద్ద. మనిషి తెడ్డులా బక్కగా ఉంటాడు, నోట్లో ఎప్పుడూ సిగరెట్టే. నాన్న నలభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. అప్పట్నుంచి తమ్ముడి కడుపు నింపింది అతనే.

ఆ ఏడు ఆస్ట్రేలియా ద్రాక్షతోటల్లో పనికి కెలెపి పేరు వచ్చింది. వెళ్లొస్తే ఇంటికి కొత్త కప్పు, వాడికి పెళ్లి. మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే. అన్నదమ్ములిద్దరూ పడవెక్కి రాజధానికి వెళ్లారు.

తిరిగొచ్చేసరికి చేతిలో ఓ కాగితం, ఓ మాత్రల డబ్బా. కెలెపి పేరు కింద రక్తపోటు నూట తొంభై అని రాసుంది. గుండె గోడ మందమైందట. మందు పడకపోతే ఏడాది తిరక్కుండా కుప్పకూలడం ఖాయమన్నాడట డాక్టరు. పనివాళ్ల జాబితాలోంచి కెలెపి పేరు కొట్టేశారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మేనత్త సెయిని సతేకిని చర్చి వాకిట్లోనే నిలేసింది. ఆ దీవిలో మేనత్త మాటకు ఎదురుండదు.

"ఇదంతా నీ నిర్వాకమేరా!"

"అవునత్తా. నా నిర్వాకమే."

"అమ్ముడుపోని కొవ్వంతా వాడి కంచంలో పోశావు. మీ నాన్న ఎలా పోయాడో కళ్లారా చూశావు కదరా, అప్పుడైనా బుద్ధి రావద్దూ?"

"అది కాదత్తా..." అంటూ కెలెపి ఏదో చెప్పబోయాడు. సతేకి వాడి కాలు తొక్కాడు.

మర్నాడే కొట్టులో గొర్రె పొట్ట అమ్మకం ఆగిపోయింది. సతేకి ఆ ఫ్రీజర్‌లో చేపలు పెట్టాడు. సిగరెట్లు తను మానేశాడు, కొట్టులోంచీ తీసేశాడు.

"పొట్ట మాంసం లేదు, పొగ లేదు. ఇది కొట్టా, ఆసుపత్రా?" అని బేరగాళ్లు ఎకసెక్కాలాడి పక్క కొట్టుకు పోయారు. సతేకి ఒక్కణ్ణీ వెనక్కి పిలవలేదు.

పొద్దున్నే అన్నదమ్ములు ఇసుక వెంట నడిచేవాళ్లు. భారీ మనిషి కెలెపి ముందు, ఆయాసపడుతూ సతేకి వెనక.

"రోగి ముందు, కాపలావాడు వెనకానా!" అని వలలు బాగుచేసుకునేవాళ్లు నవ్వేవాళ్లు.

సెయిని రోజూ వాకిట్లోకొచ్చి అడిగేది. "మాత్ర పడిందా?"

"పడిందత్తా," అనేవాడు సతేకి, ఆమె కళ్లలోకి చూడకుండా.

ఓ రాత్రి వాన కురిసి పాత కప్పు నాలుగుచోట్ల కారింది. గిన్నెలు పెడుతున్న తమ్ముణ్ణి చూస్తూ సతేకి అన్నాడు.

"నీ ఏడాది నేను తినేశాన్రా."

"ఏడాదిదేముందన్నా, మళ్లీ వస్తుంది. నువ్వు పడుకో."

మళ్లీ వచ్చింది. కెలెపి అప్పటికి పద్దెనిమిది కిలోలు తగ్గాడు. ఈసారి ఒక్కడే రాజధానికి వెళ్లి, అన్నీ సరిగ్గా ఉన్నాయన్న కాగితంతో వచ్చాడు. ఊరు ఊరంతా సతేకి భుజం తట్టింది.

కెలెపి ఆస్ట్రేలియాకి బయల్దేరే రోజు రేవులో సెయిని కళ్లొత్తుకుంది. "నీ తప్పు నువ్వే కడుక్కున్నావురా. నీలాంటి అన్న అందరికీ ఉండాలి."

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది సతేకికి.

కెలెపి అన్నను కావలించుకుని చెవిలో అన్నాడు. "మాత్రల డబ్బా గల్లాపెట్టె పక్కనే పెట్టాను. మర్చిపోకు."

పడవ కదిలింది. తమ్ముడికి ఓ ఏడాది నష్టం. మొత్తమ్మీద ఒక ప్రాణం లాభం.

లావుపాటి తమ్ముడు ఎక్కడ పరీక్ష తప్పుతాడోనన్న భయంతో, ఏడాది కిందట ఆ రోజు రాజధానిలో "కెలెపిని నేనే" అంటూ రక్తపోటు పట్టీకి చెయ్యి చాపింది బక్క సతేకి.