అత్తగారికి నచ్చని ఫిల్టరు

"బాబూ, సింకు కిందనుంచి తల బయటికి తియ్యి. అది మేం కొనడం లేదు," అంది అత్తగారు.

"కొంటున్నాం. మీరు బిగించండి," అంది కోడలు.

నీలం కోటు తొడుక్కున్న ఫిల్టరు కంపెనీ సేల్స్‌మన్ తల సగం లోపల, సగం బయట పెట్టుకుని ఆగిపోయాడు. పాత ఫిల్టరు పగిలిపోయి వారంరోజులుగా ఆ ఇంట్లో కుళాయి నీళ్ళే కాచి తాగుతున్నారు. కాఫీ ఉప్పగా ఉంటోంది. టీ మీద తెల్లటి తెట్టు కడుతోంది. కొత్తది కొనాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఏది కొనాలన్నదే పేచీ.

అత్తగారికి ట్యాంకున్న పెద్దది కావాలి. కోడలికి సన్నటిది కావాలి. కోడలు టైలరు. మెళ్ళో టేపు మెళ్ళోనే ఉండగా సింకు కిందికి దూరి, అడ్డం పొడుగూ కొలిచి బయటికొచ్చింది.

"మీ పెద్దది పెడితే ఇంక అక్కడ చీపురుపుల్ల కూడా పట్టదు అత్తయ్యా. కుక్కరూ మూకుళ్ళూ ఎక్కడ పెట్టను, మంచం మీదా?"

"పెట్టు. వాడే కాస్త పక్కకి జరిగి పడుకుంటాడు."

ఆ 'వాడు' ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. ట్రాఫిక్ కానిస్టేబులు. రోజంతా కూడలిలో చెయ్యెత్తి లారీలను ఆపే మనిషి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య చిటికెనవేలు కూడా ఎత్తడు.

"నువ్వేమంటావురా?" అని తల్లి కేకేసింది.

"మీరిద్దరూ ఏది అనుకుంటే అదే."

"మేం చెరొకటి అనుకుంటున్నాం కదరా."

"అయితే సరే," అన్నాడతను, పేజీ తిప్పుతూ.

సేల్స్‌మన్ ఈలోగా సన్నటి ఫిల్టరును కుళాయికి తగిలించి, గ్లాసు నింపి అత్తగారికి అందించాడు. "ఒక్కసారి రుచి చూడండమ్మా. తర్వాత మీ ఇష్టం."

ఆవిడ కళ్ళు మూసుకుని గుక్కెడు పుక్కిట పట్టింది.

"కొత్త చెప్పుల దుకాణంలోకి వెళ్ళినట్టుంది," అంది మింగి.

కోడలికి నవ్వొచ్చింది. వెంటనే టేపు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది కొత్త గొట్టం వాసనమ్మా, రెండ్రోజుల్లో పోతుంది."

"ఆ రెండ్రోజులూ నీళ్ళు మీ ఇంటికొచ్చి తాగమంటావా? సరే, లోపలి క్యాండిల్ అరిగిపోతే మాకెలా తెలుస్తుంది?"

"ఎర్ర లైటు వెలుగుతుందమ్మా."

"లైటు పాడైతే?"

అతను ఆ లైటును గోటితో తట్టి చూశాడు. ఇంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"పోనీ, కుళాయి రాని రోజు పెద్దదాంట్లో ట్యాంకు నీళ్ళన్నా ఉంటాయి. నీ సన్నటిది ఏం చేస్తుంది? నిలబడి జాలిపడుతుందా?"

ఈసారి కోడలు ఆపుకోలేకపోయింది. గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. సేల్స్‌మన్ కూడా నవ్వేశాడు. ఆ సందడి విని ఎదురింటావిడ వచ్చింది, ఆవిడ వెనకే పైఅంతస్తు ఆవిడ. ఇద్దరూ సన్నటిదే తీసుకుందామని అతనితో మాట్లాడుకున్నవాళ్ళు. అత్తగారు వాళ్ళను కూర్చోబెట్టి గొట్టం గురించీ, లైటు గురించీ, జాలి గురించీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. రెండోసారి ఇంకా బాగా చెప్పింది.

"అయితే మాకూ వద్దులే బాబూ," అన్నారు ఇద్దరూ లేస్తూ.

సేల్స్‌మన్ నవ్వు ఆగిపోయింది. బాల్కనీలోకి వెళ్ళి మేనేజరుకి ఫోన్ చేసి, జరిగిందంతా గుసగుసగా చెప్పుకున్నాడు. కాసేపటికి వచ్చి ఫోను అత్తగారి చేతిలో పెట్టాడు. "మా సారు మీతో మాట్లాడతారటమ్మా."

ఆవిడ కొంగు బిగించి, తలుపు దగ్గరికేసుకుని చాలాసేపు మాట్లాడింది. "బాగా గడ్డి పెట్టి ఉంటుంది," అనుకుంది కోడలు, ఆ మేనేజరు మీద జాలిపడి.

సేల్స్‌మన్ సన్నటి ఫిల్టరు సర్దుకుని వెళ్ళిపోయాడు. కోడలికి నవ్వీనవ్వీ కోపం కూడా మిగల్లేదు. ఇంతగా కావాలనుకుంటున్న పెద్దావిడ మాట ఎందుకు కాదనాలి అనిపించింది. మర్నాడే తనే బజారుకెళ్ళి, ట్యాంకున్న పెద్దది ఆటోలో వేసుకొచ్చి బిగించింది. కుక్కరు మంచం కిందికి చేరింది.

అత్తగారు మాత్రం మెచ్చుకోలేదు. "అప్పుడే కొనేశావా?" అని ఊరుకుంది.

సోమవారం పొద్దున ఎదురింటి గుమ్మంలో తెలిసిన గొంతు వినిపిస్తే కోడలు తలుపు తీసి చూసింది. చీర మీద కంపెనీ నీలం కోటు తొడుక్కుని, సన్నటి ఫిల్టరును చంటిబిడ్డలా ఎత్తుకుని, అత్తగారు ఎదురింటావిడకి నచ్చజెబుతోంది.

"ట్యాంకున్నదా? ఆ మాటే ఎత్తకు తల్లీ, ఇల్లంతా అదే తింటుంది. చూడు, మా కోడలు నాతో ఒక్క మాటైనా అనకుండా తెచ్చి పెట్టుకుంది."