తీగ మీద లైఫ్ జాకెట్

మార్చి 14, శనివారం. రెండు విడతలు బట్టలు ఉతకడం, బియ్యం ఏరడం, వంటింటి అలమార సర్దడం అయ్యాయి. ఒక పొరపాటు కూడా అయింది.

అది మధ్యాహ్నం తెలిసింది. గాలి లేచిందని బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్తే, తీగ మీద లైఫ్ జాకెట్ ఊగుతోంది. చేపల కంపు కొడుతోందని నిన్న మా ఆయన సంచిలోంచి తీసి ఉతికింది నేనే. తెల్లవారకముందే ఆయన ఆ సంచి భుజాన వేసుకుని, రబ్బరు ఎరలతో స్నాపర్ చేపలు పట్టాలని సముద్రంలోని రాతిదిబ్బ దగ్గరికి పడవలో ఒక్కరే వెళ్ళారు. ఈతలో ఆయనా రాయీ ఒకటే.

ఫోన్ కలవలేదు. జాకెట్ గుండెకు హత్తుకుని రేవుకు పరుగెత్తాను. అలలు గట్టు దాటి పడుతున్నాయి. తిరిగొచ్చే పడవల్ని లెక్కపెట్టాను. ఆరు వచ్చాయి, ఆయనది లేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

ఏడోది ఆయనదే. ఆయన ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది!

"ఏంటే, అలా చూస్తావ్? ఆ దిబ్బ రాళ్ళ సందుల్లో ఎనిమిది ఎరలు మింగి ఒక్క చేపనిచ్చింది, పిసినారిది!"

"మరి ఇదెవరిది?"

"నాదెప్పుడూ పడవలోనే ఉంటుంది. అది నీదే. మూడేళ్ళ కిందట ఒక్కసారి నాతో దిబ్బ దాకా వస్తానన్నావుగా, అప్పుడు కొన్నా. ఏ రోజైనా నా వెనకాలే వచ్చేస్తావేమోనని ప్రతిసారీ మోసుకెళ్తున్నా."

మార్చి 21, శనివారం. పనులేవీ కాలేదు. నా జాకెట్ వేసుకుని ఆయనతో దిబ్బ దాకా వెళ్ళి వచ్చాను, పడవ అంచు మీంచి చెయ్యి తియ్యలేదు. మూడేళ్ళ మాట బాకీ, చెల్లు.