తలుపుకి చెయ్యి

టైలరమ్మ ఇంట్లో పక్కకి జరిపే అద్దాల తలుపుకి మళ్ళీ చెయ్యి విరిగింది.

హ్యాండిల్‌ని అద్దాల మేస్త్రి చెయ్యి అనే అంటాడు. మనిషికి చెయ్యెలాగో తలుపుకి అదలాగ అంటాడు. పాతికేళ్ళుగా ఆయనకి సామాన్లు అమ్ముతున్న మేకుల కొట్టు తాతకీ అదే మాట అలవాటైపోయింది.

పొద్దున్నే తాత ఫోన్ చేశాడు.

"చెయ్యి దొరికిందయ్యా. తిన్నగా టైలరమ్మ ఇంటికే పంపనా?"

"అక్కడికే పంపు. నేనూ అటే వస్తున్నా."

"జాగ్రత్తగా పెట్టుకో. ఇలాంటిది మళ్ళీ దొరకదు."

"ఎన్ని చేతులు చూశాను తాతా" అని నవ్వి పెట్టేశాడు మేస్త్రి.

చొక్కా తొడుక్కోబోతే కుడి భుజం పైకి లేవలేదు. భార్య వచ్చి చొక్కా చెయ్యి ఎక్కించింది.

"సోమవారం ఆస్పత్రిలో పన్నెండు తలుపులు దించి బిగించాలి. ఈ భుజంతోనేనా? తోడు ఎవరినైనా పెట్టుకోమంటే వినరు కదా."

"నేను బిగించిన తలుపు ఇంకొకడు ముట్టుకుంటే నాకు గిట్టదు."

"ఆ పని పోతే దుకాణం మూసుకుందాం. రోజంతా ఎవరూ ముట్టుకోరు."

దుకాణం ఆ పన్నెండు తలుపుల మీదే నిలబడి ఉందని ఆయనకీ తెలుసు.

టైలరమ్మ ఇంట్లో అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎవరో బక్కపలచటి మనిషి. నలభై ఉంటాయేమో. అంత తలుపునీ పట్టాలోంచి ఒక్కడే ఎత్తి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దుప్పటి మీద పడుకోబెట్టాడు.

మేస్త్రి చూపు తలుపు మీద లేదు. అతని భుజాల మీద ఉంది.

ఆ మనిషి తలుపు అడుగున చక్రాల నుంచి రంగురంగుల దారాలు లాగుతున్నాడు. గుప్పెడు ఉండ తేలింది.

"చూశారా మేస్త్రి గారూ" అంది టైలరమ్మ. "నా దారాలే చక్రాలకి చుట్టుకున్నాయట. తలుపు బిగుసుకుపోతే గుంజి గుంజి హ్యాండిల్ విరగ్గొట్టుకున్నాం. ఏడాదిలో మూడుసార్లు మార్చారు, ఈ సంగతి మీరు చెప్పనేలేదు."

ఎలా చెబుతాడు? భుజం పట్టేశాక ఆయన తలుపు ఎత్తి చూసింది లేదు. పైన చెయ్యి మార్చి వచ్చేసేవాడు.

అంతలో నేలమీద విప్పిన పొట్లం కనపడింది. తాత కొట్టు కాగితం. తాత కట్టే పురికొస.

"ఈ చెయ్యి నీకెవరిచ్చారు?"

"తాతగారు" అన్నాడు ఆ మనిషి లేచి నిలబడి.

మేస్త్రికి మండింది. తనకోసం తెప్పించిన సరుకు వీడి చేతిలో పెట్టాడా ముసలాడు?

"నేను మీ మనిషే అనుకున్నానండీ" అంది టైలరమ్మ.

"నాకు మనుషులెవరూ లేరమ్మా."

"మేస్త్రీ, నేను మీకోసమే..." అనబోయాడు ఆ మనిషి.

"నాకోసం వచ్చి నా పనే చేసేస్తున్నావా? ఎంత దయ నాయనా నీది. కానీ, కానీ. మొదలెట్టిన వాడివి పూర్తిచెయ్యి, చూస్తాను."

చూశాడు. వంక దొరుకుతుందేమోనని కళ్ళు చిట్లించి మరీ చూశాడు. దొరకలేదు.

చివరి మర బిగించి ఆ మనిషి తలుపుని చిటికెనవేలితో నెట్టాడు. చప్పుడు లేకుండా ఆ చివరిదాకా పోయింది.

"అబ్బ" అంది టైలరమ్మ.

పాతికేళ్ళలో మేస్త్రి పని చూసి ఎవరూ అబ్బ అనలేదు. ఆ ఒక్క మాట గుండెలో మేకులా దిగింది. పైగా ఆవిడ టీ తెచ్చి ముందు ఆ మనిషికి ఇచ్చింది. తన కప్పు తనకి చేదుగా తగిలింది.

మెట్ల మీద అతన్ని ఆపాడు.

"ఇవి నా ఇళ్ళు. ఇంకోసారి ఈ ఛాయలకి వచ్చావంటే మర్యాదగా ఉండదు. ఏ బస్సులో వచ్చావో ఆ బస్సే ఎక్కు."

ఆ మనిషి ఏదో చెప్పబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

"మీరు వద్దంటే ఉండను మేస్త్రీ. తలుపు ఎత్తేటప్పుడు ఎడమ భుజం ఆనించండి. కుడిది నొప్పిగా ఉన్నట్టుంది."

"నా భుజం సంగతి నీకెందుకు? నడు."

తాతతో తేల్చుకుందామని కొట్టుకి బయల్దేరాడు మేస్త్రి. దారిలో బస్సు ఎదురొచ్చింది. కిటికీ పక్కన ఆ మనిషే. పీడా పోయిందనుకున్నాడు. అడుగు చురుగ్గా పడింది.

తాత త్రాసులో మేకులు పోస్తున్నాడు.

"ఏమయ్యా, చెయ్యి నచ్చిందా?"

"ఏం నచ్చడం? నా చెయ్యి తీసుకెళ్ళి ఎవడికో ఇస్తావా? తరిమేశాను వాణ్ణి. ఇప్పుడే బస్సెక్కాడు."

త్రాసు ఒకపక్కకి ఒరిగిపోయింది. తాత దాన్ని సరిచెయ్యలేదు.

"తరిమేశావా? పోయినవారం మీ ఆవిడ వచ్చి, ఆయన భుజం పడిపోయింది, ఎలాగైనా ఒక చెయ్యి చూసిపెట్టు తాతా అని ఈ మెట్టు మీదే ఏడ్చింది. నాలుగు ఊళ్ళు వాకబు చేశానయ్యా."

"చెయ్యి పొట్లంలో ఉంది కదా" అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటుండగానే గొంతు తగ్గిపోయింది.

"పొట్లంలోది నువ్వడిగిన చెయ్యి" అన్నాడు తాత, "దాన్ని పట్టుకొచ్చినవాడు మీ ఆవిడ అడిగిన చెయ్యి."