కోటేశ్వరమ్మ హస్తవాసి

పిల్ల ఏడుపు ఆపేసింది. భవ్యకు ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి! అరగంట నుంచి తన ఒళ్ళో గుక్కపట్టి ఏడ్చిన పిల్ల అది. పాలు పట్టింది, వీపు నిమిరింది, వచ్చిన పాటా రాని పాటా పాడింది. వింటేనా? అత్తగారు వచ్చి చటుక్కున ఎత్తుకుని వెనక వసారాలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఒక్క నిమిషం ఏడుపు ఇంకా పెద్దదైంది. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు.

రోజూ సందెవేళ ఇదే తంతు.

పిల్ల పుట్టి పద్దెనిమిది రోజులైంది. తొలి కాన్పు కాబట్టి భవ్య పుట్టింట్లో ఉండాల్సింది. కానీ బ్రాడీపేటలో ఆమె తల్లి మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉంది. "మేం లేమా ఏంటి" అంటూ కోటేశ్వరమ్మ కోడల్నీ మనవరాల్నీ ఆస్పత్రి నుంచి నేరుగా ఊరికి తెచ్చుకుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, లోటు చేయలేదు. పొద్దున్నే వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి తొలిముద్ద దగ్గరుండి తినిపిస్తుంది. పగలంతా కల్లంలో ఎండుమిరపకాయల్లో తాలుకాయలు ఏరి, ఇంటికొచ్చి ఒళ్ళు రుద్దుకుని స్నానం చేశాకే పిల్లను ముట్టుకుంటుంది. కాకపోతే నోరొకటి ఉంది. కోడలు నైటీతో వీధి గుమ్మంలోకి వస్తే చాలు, మొదలు.

"ఆ గోనెసంచి తొడుక్కుని బయటికి రామాక. నన్ను చంపినా అట్టాంటిది ఒంటి మీద వేయను."

మొదట్లో పరిస్థితి ఇలా లేదు. తొలి మూడు రోజులూ ఆవిడ ఎత్తుకుంటే పిల్ల తుమ్మి, మొహం ఎర్రగా చేసుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అప్పుడు భవ్యకు లోపల్లోపల హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు. నాలుగో రోజు నుంచి కథ మారింది. ఏం మందు పెట్టిందో ఏమో.

ఇప్పుడు వీధంతా ఒకటే భజన. పక్కింటి సిద్దికా నిన్న పెరుగు కోసం వచ్చి, గిన్నె పక్కన పెట్టి మరీ మెచ్చుకుంది.

"నీది భలే హస్తవాసి కోటమ్మక్కా. నువ్వు భుజానేసుకోగానే చప్పున ఊరుకుంటది. మా కోడలి కాన్పుకి కూడా నువ్వే రావాల."

"ముగ్గురిని పెంచిన చెయ్యి సిద్దికా ఇది. ఎవరి చెయ్యి ఏందో పసిబిడ్డకి తెలవదా ఏంటి?" అంది కోటేశ్వరమ్మ, పమిట సర్దుకుంటూ.

లోపల మంచం మీదున్న భవ్యకు కుట్ల మీద కారం చల్లినట్టయింది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడి మీద పడింది. "పాలివ్వడానికి నేను, బజ్జోపెట్టడానికి మీ అమ్మ. రేపు మాటలొస్తే ఎవర్ని అమ్మా అంటుందో చూస్తూ ఉండు."

"దాన్ని ఎత్తుకుని తిప్పాలి భవ్యా. నువ్వు కుట్లతో ఎట్టా తిప్పుతావు? ఆ కాసేపూ నీకు రెస్టు అనుకోరాదూ" అన్నాడు బాలు.

"నాకు రెస్టు వద్దు. నా పిల్ల కావాలి."

బాలు పప్పులో నెయ్యి కలుపుకున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట్లాడి బాగుపడినవాడు లేడని అతనికి తెలుసు.

దీనికి తోడు, కూర్చున్నచోట కూర్చోనివ్వకుండా ఇంకో చికాకు. విడిచి బకెట్లో వేసిన పసుపుపూల నైటీ ఏమైందో పది రోజులుగా కనిపించడం లేదు. అది దొరక్కుండానే నిన్న విడిచిన నీలంది కూడా మాయమైంది. అడిగితే అత్తగారు మొహం అటు తిప్పుకుంది. "పురిటి బట్టలు కదా, చాకలికి విడిగా వేశాలే" అంది. మైల, అంటు అని తన బట్టల్ని కూడా వెలేసిందని భవ్య పళ్ళు నూరుకుంది. పిల్లను లాక్కున్న మనిషికి నైటీలొక లెక్కా?

ఇదిగో, ఇప్పుడు వసారాలోంచి కూనిరాగం వినిపిస్తోంది. పిల్ల అలికిడే లేదు.

ఇక ఉండబట్టలేకపోయింది. కుట్లు గుంజుతున్నా ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో గోడ పట్టుకుని లేచింది. ఆ పెట్టే మందేదో ఇవాళ కళ్ళారా చూడాలి. చూసి, పిల్లను తెచ్చేసుకోవాలి. ఏడిస్తే ఏడవనీ, తన దగ్గరే ఏడుస్తుంది.

అడుగులో అడుగు వేసుకుంటూ వసారా దాకా వచ్చింది. "గాలి తగులుద్ది" అని అత్తగారు రోజూ బిగించే గడియ, తొందరలో కాబోలు, ఇవాళ సరిగ్గా పడలేదు. తలుపు తోసింది.

పిల్ల అత్తగారి భుజం మీద ముక్కు ఆనించి ఆదమరిచి నిద్రపోతోంది. భవ్య అత్తగారిని నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసి, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది.

ఇన్నేళ్ళలో ఎవరి ముందూ తల దించని కోటేశ్వరమ్మ మొహం కందగడ్డలా అయింది. పిల్ల లేవకుండా గొంతు తగ్గించింది.

"ముందా తలుపు ముయ్యి తల్లీ, చీర మీద నువ్వు విడిచిన నైటీ తొడుక్కుని నీ వాసన తగిలిస్తే గానీ ఇది నా భుజాన నిలవదని ఆ సిద్దికాకి తెలిసిందంటే నా పరువేం కావాల?"