ముత్తవ్వ దిగని ఫోటో

"తియ్యి. గా ఫోటో అద్దాలకెల్లి ఇప్పుడే తియ్యి," అంది హన్మవ్వ, కొడుకు స్టూడియో గడప అవతలే నిలబడి.

దేవన్న చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "ఎందుకవ్వా? మంచిగనే ఉంది కద. బోధన్‌ల గిసొంటి పని ఇంకెవలన్న చేస్తే చూపెట్టు."

"మంచిగనే ఉంది. కాని అది నేను కాదు. మీ చిన్నమ్మ."

దేవన్న బయటికొచ్చి చూశాడు. రోడ్డు వైపున్న అద్దాల షోకేసులో నిన్న సాయంత్రం ఫ్రేము కట్టి పెట్టిన ఫోటో అది. ముమ్మాటికీ తల్లిదే. తానే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, తానే తీశాడు. ఆ తర్వాత సూదిలా చెక్కిన పెన్సిలుతో మూడు రోజులు కూర్చుని నెగటివ్‌ను దిద్దాడు. కళ్ల కింద గీతలు పోగొట్టాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి వెళ్లిన మచ్చలు ఒక్కొక్కటే పూడ్చాడు. పసుపు చేలల్లో ఎండకు లోపలికి పోయిన చెంపలు కాస్త నింపాడు. స్టూడియో పెట్టిన ఐదేళ్లలో అంత మంచి పని అతని చేతి నుంచి రాలేదు.

తీరా చూస్తే ఇదీ గొడవ. హన్మవ్వకూ చెల్లెలు ముత్తవ్వకూ మాటల్లేక ఆరేళ్లు. పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర "మీ కొమ్ములు సన్నగున్నయి" అని ముత్తవ్వ అన్న ఒక్క మాటతో పొత్తు తెగింది.

"నా కొడుకు దుకాణంల ఆమె మొకమా? హన్మవ్వే బతిమాలి చెల్లెను పిలుచుకున్నదని అనుకోరా నలుగురు?"

పక్కనే గడియారాలు బాగుచేసే ఎజాజ్ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి అన్నాడు. "అవ్వా, ఖుదా కసం, నేను సుత మీ చెల్లెనే అనుకున్న."

దేవన్న అతని వైపు గుర్రుగా చూశాడు. "నాలుగు దినాలు ఉండనియ్యవ్వా. గిది చూసే గిరాకి వస్తున్నది."

"అయితే నేను గీడనే కూసుంట. అది తీసేదాక నీ చేతి చాయ సుత తాగ."

అన్నట్టే చేసింది. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా పొద్దున్నే వచ్చి ఫోటోకు వీపు చూపించి బెంచీ మీద కూర్చుంది. వచ్చిన ప్రతి గిరాకీకీ "అది నేను కాదు" అని అడక్కుండానే చెప్పింది. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే రోజులు. ముత్తవ్వ ఉండే రుద్రూర్ నుంచి వచ్చే బండ్లవాళ్లు స్టూడియో ముందు ఆగి, ఫోటో చూసి, ఒకరితో ఒకరు ఏదో చెప్పుకొని పోతున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం ఓ చెరుకు బండి మీద నుంచి ముత్తవ్వ దిగింది. షోకేసు ముందు ఒక్క నిమిషం నిలబడి, నేరుగా లోపలికొచ్చింది.

"ఏం దేవా, నన్ను అడుగకుండ నా ఫోటో ఎట్ల వెట్టినవ్? బండ్లోళ్లంత వచ్చి చెప్తున్నరు. నేను పుట్టినకాడికెల్లి ఫోటోనే దిగలే."

హన్మవ్వ బెంచీ మీద నుంచి లేచింది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు. "దేవా, ఆమెకు చెప్పు. అది నా ఫోటో."

దేవన్న నోరు తెరిచాడు. మూడు రోజులుగా అది తాను కాదని ఊరందరికీ చెప్పింది ఈ తల్లే.

"దేవా, నువ్వు సుత చెప్పు," అంది ముత్తవ్వ. "ఆమె మొకం మీద మచ్చలుంటయి. దీనికి ఒక్కటన్న ఉందా?"

"మచ్చలు నా కొడుకు తీసేసిండని చెప్పు."

"మచ్చలు తీస్తే నా మొకమే వస్తదని చెప్పు."

"ఆమె ముక్కు గింత సక్కగ ఎన్నడుండెనో అడుగు."

దేవన్న అటు తిరిగి ఒకమాట, ఇటు తిరిగి ఒకమాట చేరవేశాడు. పక్కన ఎజాజ్ చేతిలోని గడియారం కింద పెట్టేసి, నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

చివరికి విసుగొచ్చి దేవన్న షోకేసు తలుపు తీశాడు. ఫోటో తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. "మీరే చూసుకోండ్రి."

ఒక పక్క హన్మవ్వ పట్టుకుంది. రెండో పక్క ముత్తవ్వ పట్టుకుంది. ఎవరూ వదల్లేదు. లోపల వెలుతురు చాలక, గుంజుకుంటూనే ఇద్దరూ దాన్ని గడప దాకా తెచ్చి ఎండలో వంచారు. పోట్లాడడానికే వంగారు. కాని హన్మవ్వ బొటనవేలు అద్దం మీద, ఫోటోలోని గడ్డం దగ్గర ఆగిపోయింది. ముత్తవ్వ ఫోటోలోని కళ్ల మీదికి ఇంకాస్త వంగింది.



"అక్కా," అంది ముత్తవ్వ.

"ఊఁ."

"గిది నువ్వు గాదే."

"నువ్వు సుత గాదు."

"గీ వయసులనే పాయె కద. ఒక్క ఫోటోనన్న లేకపాయెనని ఎంత ఏడ్చినమే."

దేవన్నకు ఏమీ అంతుబట్టలేదు. "ఎవల గురించి అవ్వా? నేను తీసింది నిన్నే కద."

హన్మవ్వ కొంగుతో అద్దం తుడిచింది. ఒక చెయ్యి చెల్లెలి భుజం మీద వేసుకుని, కొడుకు వైపు తిరిగింది.

"చెప్పులిడిచి దండం పెట్టు దేవా. మీ అమ్మమ్మ."