పులిగారి మొహమాటం

జంతువుల మెడలకు వాటి మనసులోది మన భాషలో పలికే మాటపట్టీలు కట్టిన దగ్గర్నుంచి పాపికొండల అడవిలో వాటి మాట తెలుసుకోవడం తేలికైంది గానీ, పలకరించడమే ప్రాణం మీదికి వచ్చింది. అందుకే తాతబ్బాయి గేటు దాటకముందే తల్లికి గట్టిగా చెప్పాడు.

"అమ్మా, ఇక్కడ ఎవర్నీ భోంచేశారా అని అడక్కూడదు. బోర్డు మీద కూడా రాశారు."

"ఆమాత్రం నాకు తెలీదేంట్రా," అంది వరహాలమ్మ, ఒళ్లోని పులిహోర డబ్బా సర్దుకుంటూ.

రెండో మలుపులో పెద్దపులి అడ్డంగా కూర్చుని ఉంది. కారు దానంతటదే ఆగింది. వరహాలమ్మ అద్దం దించి నోరారా పలకరించింది.

"భోంచేశావా, నాయనా?"

పులి కారులో వాళ్లను ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసింది.

"ఇంకా లేదండీ," అంది మెడలోని పట్టీ.

"అయ్యో, ఇంత పొద్దెక్కేదాకానా!"

కొడుకు వద్దనేలోగా ఆవిడ కిటికీలోంచి విస్తరి జార్చి పులిహోర వడ్డించేసింది. పులి మర్యాదకి ఒక ముద్ద తిని, మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"చాలండీ."

"చాలేంటి, మొహమాటపడకు," అని మరో గరిటె వేసింది.

"చాలండీ!"

ఇంకో గరిటె పడింది. పులి తోక ముడిచి పొదల్లోకి పరుగెత్తింది. దూరంగా అది ఎవరినో హెచ్చరిస్తున్న గాండ్రింపు వినబడింది.

"పాపం, సరిగ్గా తిననే లేదురా," అంది వరహాలమ్మ.

తర్వాతి మలుపులో ఓ ఎలుగుబంటి కనిపించింది. దాని కడుపు వీపుకు అంటుకుపోయి ఉంది. కారును చూడగానే అది రెండు చేతులూ జోడించింది.

"మా ఇంటిల్లిపాదీ ఇప్పుడే తిన్నామండీ!"