పదిహేడో రుజువు

విశాఖపట్నంలో గణిత భౌతికశాస్త్ర ఆచార్యురాలైన అప్పలనరసమ్మ ఉద్యోగం ఇప్పుడు చదవడమే. సిద్ధాంతాలను యంత్రాలే రుజువు చేస్తాయి. ఎవరో ఒక మనిషి చదివి ‘అర్థమైంది’ అని నొక్కితేనే అవి చెల్లుతాయి. రోజుకు నలభై వస్తాయి.

ఆ ఉదయం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆమె పదిహేడో రుజువు తెరిచింది. నీటి సుడుల గురించి తాను ఇరవై రెండేళ్లుగా తేల్చలేకపోయిన సమస్య అది. యంత్రానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"ఏటలాగున్నావు?" అన్నాడు భర్త సన్యాసినాయుడు.

"నా లెక్క తేలిపోనాది."

"ఏడుపొస్తందా?"

"రాట్లేదు. వస్తాదేమోనని సూస్తన్నాను."

రుజువంతా ఒక్క ఉపాయం మీద నిలబడింది. దాని పక్కన ఆమె పేరే ఉంది. ఈ సమస్య మీద పని మొదలుపెట్టిన ఏడాది తను రాసిన వ్యాసంలోదది. ఇది ఎటూ దారితీయదని అందులో తనే రాసింది. మరోసారి చదివి, ‘అర్థమైంది’ అని నొక్కి, ఆ ఉపాయం తనదేనని భర్తకు చెప్పింది.

అతని ముఖం వెలిగింది. "అయితే నువ్వు సేసినట్టే కదే!"

"కాదు," అంది ఆమె, ఇంకో కాయ అందుకుంటూ. "వదిలేసినట్టు."